ఒక స్టారు రివ్యూ తీసేసి మూడు స్టార్లది పెడుతున్నాను

తెనాలిలో జాకెట్లు కుట్టే ఈ షాపు గురించి నేను రాయడం ఇది రెండోసారి. మొదటిది శ్రావణమాసంలో 'నిజం చెప్తా' అనే దొంగపేరుతో రాశాను. నిన్న తీసేశాను. అందులో షాపు గురించి ఒక్క లైను, కౌంటరు దగ్గరి అమ్మాయి గురించి ఐదు లైన్లు.

ముందు పని సంగతి. మగ్గం వర్కు జాకెట్టు, లైనింగుతో కలిపి 2,800 అయింది. చంకల్లో ఎక్కడా పట్టలేదు. చేతి అంచున జర్దోసీ గుచ్చుకోకుండా లోపల పల్చటి గుడ్డ వేసి కుట్టారు. వెనక మెడ చెప్పినదానికంటే అరంగుళం కిందికి దించారు గానీ బాగానే ఉంది. పక్కల్లో విప్పుకోవడానికి రెండు కుట్లు వదిలారు, నా ఒంటికి అది చాలా అవసరం.

చిక్కంతా తేదీతోనే. గురువారం ఇస్తామన్నారు. శుక్రవారం మా ఆడపడుచు కూతురి పెళ్ళి. వెళ్ళిన మూడుసార్లూ ఆ అమ్మాయి 'రేపు రండి మేడం' అంది. జాకెట్టు ఆదివారం చేతికొచ్చింది. పట్టుచీర మీదికి పాత జాకెట్టుతో పెళ్ళికి వెళ్ళొచ్చిన మంటలో, రాత్రి పడుకోబోయే ముందు ఒక స్టారు కొట్టి, పొగరు, అబద్ధాలకోరు అని రాసేశాను. పేరు రాయలేదుగా అనుకున్నాను. కానీ ఆమెకున్న ఒక గుర్తు రాశాను, ఏమిటో ఇక్కడ మళ్ళీ చెప్పను. ఆ గుర్తున్న మనిషి షాపులో ఒక్కతే.

నెల తర్వాత ఫాల్ వేయించడానికి వెళ్తే కౌంటర్లో వేరే మనిషి. ఆ అమ్మాయి లోపల కాజాలు కుడుతోంది. 'ఎవరో నా గురించి ఫోన్లో రాశారంట మేడం, మాస్టారు లోపల కూర్చోమన్నారు' అని నాతోనే చెప్పింది. రేపు రమ్మని చెప్పమన్నది ఆ మాస్టారే. పెళ్ళిళ్ళ రోజుల్లో వచ్చిన ఆర్డరల్లా ఒప్పుకుంటే తేదీ ఎక్కడ నిలుస్తుంది?

మా మరిది వకీలు. పేరు లేకపోయినా ఫలానా మనిషేనని పోల్చుకోగలిగితే పరువునష్టం కేసు పడొచ్చు, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ళదాకా జైలు ఉంది, దొంగపేరు వెనక ఎవరున్నారో కోర్టు ద్వారా బయటికి లాగొచ్చు అన్నాడు. ఆ అమ్మాయి కోర్టుకెళ్ళదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

పేరు దాచుకుని రాయడమే తప్పని అనను. అక్కడ కుట్టేవాళ్ళు తమ కూలి గురించి రాయాలంటే దాచుకోక తప్పదు, తెల్లారితే పని ఉండదు. డబ్బిచ్చి కుట్టించుకునేదాన్ని, నాకెందుకు ముసుగు?

నిన్న వెళ్ళి, రాసింది నేనేనని చెప్పాను. హుక్కులు డబ్బాలో వేసుకుంటూ 'తీసేశారా మేడం?' అంది. తీసేశాను, సరిచేసి మళ్ళీ రాస్తానంటే, 'డేటు వేసేది మాస్టారేనని రాయండి' అంది. రాశాను. మాస్టారికీ చెప్పాను. ఆయన ఆమెను మళ్ళీ కౌంటర్లో కూర్చోబెడతాననలేదు, 'చూద్దాంలెండమ్మా' అన్నాడు.

కుట్టుపనికి నాలుగు స్టార్లు ఇవ్వొచ్చు, మాట నిలబెట్టుకోనందుకు ఒకటి తగ్గించాను. పైన ఉన్నది నా అసలు పేరే, ఫొటో కూడా నాదే. ఇంకో జాకెట్టు ఇచ్చొచ్చాను. చీటీ మీద తేదీ మాస్టారి చేతే వేయించుకున్నాను.