రియోలో బీచి వదిలి ఫ్లైఓవర్ కిందికి

రియో డి జనీరో వెళ్తున్నామనగానే మనవాళ్ళ జాబితాలో కొండ మీది క్రీస్తు విగ్రహం, కొపకబానా బీచి, షుగర్‌లోఫ్ రోప్‌వే తప్పకుండా ఉంటాయి. మేమూ చూశాం. బాగున్నాయి, జనం కిటకిటలాడుతున్నారు, వాటి మీద రాసినవాళ్ళు బోలెడుమంది. నేను రాయదలచుకున్నది ఆ ఊరి శనివారం రాత్రుల గురించి. అక్కడి నల్లజాతి జనం తమ కోసం తాము పెట్టుకున్న డాన్సు రాత్రులకు యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. వాటిని చూడాలంటే ఎక్కడ దిగాలి, ఎలా వెళ్ళాలి, ఏది డబ్బు దండగ అనేవి ఒకచోట రాసిపెడితే ఎవరికైనా పనికొస్తాయి కదా అనిపించింది.

ముందు బస సంగతి. అన్నయ్య, వదిన, నేను మొదట కొపకబానాలోనే దిగాం. సముద్రం కనబడే గది అన్నారు. కిటికీలోంచి మెడ సాచి చూస్తే రెండు మేడల సందులో సన్నగా నీలం గీత కనబడింది. అద్దె మాత్రం సముద్రం మొత్తానికీ కట్టినట్టే ఉంది. అది సరే, ఊరుకోవచ్చు. శనివారం రాత్రి ఊరి ఉత్తరాన ఉన్న మదురేరా పేటకు వెళ్తామంటే రిసెప్షన్లో అబ్బాయి మొహం అదోలా పెట్టాడు. ఆ వైపు టూరిస్టులు చూడాల్సిందేమీ లేదని తేల్చేసి, హోటల్ వాళ్ళే అమ్ముతున్న సాంబా షో కరపత్రం చేతిలో పెట్టాడు. షోకి వెళ్ళాం కూడా. ఈకల కిరీటాలు, తళుకుల బట్టలు, బల్లల ముందు కూర్చుని ఫోన్లు ఎత్తిపట్టిన మాలాంటి వాళ్ళు. ఆడేవాళ్ళు దాదాపు అందరూ నల్లవాళ్ళు, చూసేవాళ్ళలో ఆ ఊరి నల్లవాళ్ళు ఒక్కరూ లేరు. టికెట్ పైకంతో మదురేరాలో ఒక కుటుంబం మొత్తం రాత్రంతా డాన్సు చేసి, తిని, కారులో ఇంటికి వెళ్ళొచ్చు.

ఆ తర్వాత కతేచి అనే పేటకు మారాం. రియోకి వెళ్ళేవాళ్ళకి నా సలహా మొదటినుంచీ అక్కడో, పక్కనే ఉన్న గ్లోరియాలోనో దిగమనే. 1960 దాకా దేశాధ్యక్షులు ఉన్న భవనం కతేచిలోనే ఉంది. ఇప్పుడది మ్యూజియం, వెనక చక్కని తోట. అద్దెలు నయం. కూరగాయల కొట్లు, మందుల షాపులు, తూకం మీద అన్నం పెట్టే హోటళ్ళు నడక దూరంలో ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, మెట్రో ఎక్కితే కొన్ని స్టేషన్లలో సెంట్రల్ వచ్చేస్తుంది. ఊరి ఉత్తరం వైపు వెళ్ళే లోకల్ రైళ్ళన్నీ అక్కడినుంచే బయలుదేరతాయి.

రియోలో ఈ ఉత్తరం, దక్షిణం లెక్క తెలియకపోతే ఊరు సగమే అర్థమవుతుంది. దక్షిణాన బీచీలు, డబ్బు, టూరిస్టులు. కొండలు దాటితే ఉత్తరాన రైలు పట్టాల వెంబడి పెరిగిన పేటలు. బానిసత్వం 1888లో రద్దయ్యాక విడుదలైనవాళ్ళకు ఎవరూ సెంటు భూమి ఇవ్వలేదు. నడిబొడ్డున కాలనీలు కూల్చి రోడ్లు వేసినప్పుడల్లా పేదలు కొండల మీదికీ, రైలు దారి పొడుగునా ఉన్న ఈ పేటలకూ జరిగారు. వాళ్ళ వెంటే సాంబా కూడా వెళ్ళింది. మదురేరాను ఆ జీవితానికి రాజధాని అనవచ్చు. కార్నివాల్‌ పోటీలో 22 సార్లు గెలిచిన పోర్టెలా అనే సాంబా బృందం ఆ చుట్టుపక్కలదే, 1947లో పుట్టిన ఇంకో బృందం ఇంపేరియో సెరానో ఆ పేటదే.

మాకు దొరికిన సోమవారం గురించి కొంచెం. అందరికీ సెలవు ఆదివారమైతే, వాయించేవాళ్ళకీ, వడ్డించేవాళ్ళకీ సోమవారం. అందుకని సోమవారం మధ్యాహ్నం అందరాయీ పేటలోని రెనసెన్సా క్లబ్బులో పనివాళ్ళ సాంబా పెడతారు. సంగీతకారుడు మొయాసిర్ లూజ్ 2005లో మొదలుపెట్టాడు, ఇప్పుడు ఊరంతా తెలిసిన కచేరీ. వాయించేవాళ్ళు మధ్యలో బల్ల చుట్టూ కూర్చుంటారు, జనం వాళ్ళ చుట్టూ నిలబడి పాడతారు. వేదిక, తెర అంటూ ఏమీ ఉండవు. రాత్రికి పాత ఓడరేవు దగ్గర పెద్రా దో సాల్ అనే రాతి మెట్ల మీద ఇంకో సాంబా ఉంటుంది, అది ఉచితం. అయితే అక్కడ సగం మంది విదేశీ కుర్రకారే. వాద్యం కన్నా కేకలు ఎక్కువ వినబడ్డాయి. పెద్రా దో సాల్‌కి పగలు వెళ్ళి, దగ్గర్లోని వలోంగో రేవు చూడటం మేలు. ఆఫ్రికా నుంచి తెచ్చిన లక్షలాది బానిసలు దిగిన రాళ్ళు అవి. 2011లో రోడ్డు పనుల్లో బయటపడ్డాయి, 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. చూడ్డానికి ఒక గుంట, కొన్ని రాళ్ళు, అంతే. గైడ్ లేకుండా వెళ్తే అయిదు నిమిషాల్లో తిరిగొచ్చేస్తారు, కాబట్టి గైడ్‌ని పెట్టుకోండి.

రెనసెన్సా గురించి ఇంకో మాట చెప్పాలి, అది తెలియకుండా శనివారం డాన్సు అర్థం కాదు. 1951లో ఈ క్లబ్బు పెట్టినవాళ్ళు నల్లజాతి మధ్యతరగతి కుటుంబాలు. చదువుకున్నారు, ఉద్యోగాలున్నాయి, చేతిలో డబ్బుంది, అయినా తెల్లవాళ్ళ క్లబ్బుల్లో సభ్యత్వం దొరకలేదు. మన క్లబ్బు మనమే పెట్టుకుందాం అనుకున్నారు. 1970లలో అదే హాల్లో డోమ్ ఫిలో అని అందరూ పిలిచే ఒక కుర్ర ఇంజినీరు అమెరికా నల్లవాళ్ళ సోల్ పాటలతో డాన్సు రాత్రులు నడిపాడు. ఆయన బృందం పేరు సోల్ గ్రాన్ ప్రీ. పాట నడుస్తుంటే గోడ మీద స్లయిడ్లు వేసేవాళ్ళు. వాటిలో నల్లజాతి క్రీడాకారులు, సినిమా నటులు, వాళ్ళ మధ్యలో కిందటి వారం అదే హాల్లో ఆడిన కుర్రాళ్ళ, అమ్మాయిల ఫొటోలు. టీవీలో తమలాంటి మొహం పనిమనిషి వేషంలో తప్ప కనబడని రోజుల్లో, గోడంత సైజులో తన బొమ్మ తాను చూసుకున్న పిల్లకి ఆ వారమంతా నడకే మారిపోయి ఉంటుంది.

వేలమంది గుండ్రటి ఆఫ్రో జుట్టుతో, ఎత్తు మడమల బూట్లతో శని, ఆదివారాలు ఇలా గుమిగూడుతుంటే అప్పటి సైనిక ప్రభుత్వానికి నిద్రపట్టలేదు. 1976లో ఒక పెద్ద పత్రిక దీనికి బ్లాక్ రియో అని పేరు పెట్టి పేజీలకు పేజీలు రాశాక నిఘా మరీ పెరిగింది. అమెరికా నుంచి ఎవరు డబ్బు పంపుతున్నారని ఆరా తీశారు, ఫిలోను పట్టుకెళ్ళి ప్రశ్నించారు. ఇటు మేధావులు కూడా తక్కువ తినలేదు. సాంబా ఉండగా ఈ అమెరికా అనుకరణ ఏమిటన్నారు. అదే సమయంలో బీచి పక్క తెల్లవాళ్ళ పిల్లలు గిటార్లు పట్టి రాక్ వాయిస్తుంటే ఎవరికీ దేశభక్తి గుర్తు రాలేదు. నా మటుకు నాకు ఆ గోలంతా సంగీతం గురించి కాదనిపిస్తుంది. సాంబా ఆడే నల్లవాణ్ణి చూడ్డానికి అలవాటు పడ్డవాళ్ళకి, తన జుట్టు చూసి తానే మురిసిపోయే నల్లవాణ్ణి చూడటం ఇబ్బందిగా ఉండి ఉంటుంది.

ఆ సోల్ రాత్రులకు వారసుడే ఇప్పటి బైలి షార్మి, అంటే షార్మి డాన్సు రాత్రి. 1980 ప్రాంతంలో మెయెర్ అనే పేటలో డీజే కొరెల్లో పాటల వేగం తగ్గించి, ఆర్ అండ్ బీ అనే మెత్తని అమెరికా నల్లజాతి పాటలు వేస్తూ దానికి షార్మి అని పేరు పెట్టాడు. అదే సోల్ చెట్టుకి ఇంకో కొమ్మ ఫంక్ అనే సంగీతమై కొండ మీది పేటలకు వెళ్ళింది. షార్మి రైలు దారి పేటల్లో స్థిరపడింది. 1990ల మొదట్లో మదురేరాలో నెగ్రావ్ డి లిమా ఫ్లైఓవర్ కింద మొదలైన డాన్సు ఇంకా నడుస్తోంది. 2013లో నగరపాలక సంస్థ దీన్ని సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

మేము శనివారం పొద్దున్నే సెంట్రల్‌లో రైలెక్కాం. మరకానా స్టేడియం దాటాక పెట్టెలో చాక్లెట్లు, చార్జర్లు, దోమల బ్యాట్లు అమ్మేవాళ్ళ కేకలతో కాలక్షేపానికి లోటు లేదు. మదురేరాలో దిగి కాసేపు నడిస్తే మెర్కదావ్ అనే పాత బజారు. 1959 నాటిది, 2000లో కాలిపోతే మళ్ళీ కట్టారు. పిల్లల పుట్టినరోజు సామాన్ల పక్కనే ఆఫ్రికా మూలాలున్న కాందోంబ్లే మతం పూజ సామాను ఉంటుంది. పూసల దండలు, మట్టి కుండలు, పచ్చి ఆకుల కట్టలు, డోళ్ళు, ఒరిషా దేవతల బొమ్మలు. వదిన ఆకుల కొట్టు ముందు నిలబడిపోయింది. ఏ ఆకు దేనికని అమ్మే పెద్దావిడ చేతులతో చెబుతుంటే, తలనొప్పికీ దిష్టికీ ఏవి వాడాలో వదినకి మాటలు రాకుండానే అర్థమైంది. ఫొటోలు తీయాలంటే అడిగి తీయండి. అక్కడ కొనేవాళ్ళు పూజ కోసం వచ్చినవాళ్ళు.

నెలలో మొదటి శనివారమైతే పోర్టెలా ప్రాంగణంలో మధ్యాహ్నం ఫెయిజ్వాడా విందు, దాంతోపాటు సాంబా ఉంటాయి. ఆ నల్ల చిక్కుళ్ళ కూరలో పంది మాంసం తప్పదు. శాకాహారులు అన్నం, ఆకుకూర, నారింజ ముక్కలతో సరిపెట్టుకోవాలి. మామూలు హోటళ్ళలో కూడా చిక్కుళ్ళలో మాంసం ముక్క పడుతుంది, అడిగి చూడండి. నయం ఏమిటంటే ఊళ్ళో అకరజే దొరుకుతుంది. బయ్యా రాష్ట్రపు ఆడవాళ్ళు తెల్లని కుచ్చుల లంగాలతో, తలపాగాలతో వీధి చివర కూర్చుని వేయిస్తారు. అలసందలు నానబెట్టి, రుబ్బి, ఎర్ర పామాయిల్లో వేసే గారెలవి. రొయ్యలు వద్దంటే తీసేసి ఇస్తారు. మా అమ్మ అలసంద గారెల కన్నా కాస్త మెత్తన, వాసన మాత్రం పూర్తిగా వేరు. అన్నయ్య నాలుగు తిన్నాడు.

సాయంత్రం మదురేరా పార్కులో గడపండి. 2012లో తెరిచారు, కరెంటు లైన్ల కింద పొడుగ్గా సాగిన పార్కు. తొందరపడి ఫ్లైఓవర్ కిందికి వెళ్ళొద్దు. పది దాటాక గాని మొదలవదు, పన్నెండు దాటాక గాని ఊపు రాదు. లోపలికి టికెట్ ఉంటుంది, దక్షిణం వైపు క్లబ్బుల రేటుతో పోలిస్తే చిల్లర. ఆ కార్డులు, ఈ కార్డులు పనిచేస్తాయిగానీ బయట బళ్ళ దగ్గర నోట్లుంటే సుఖం.

లోపల గోడల నిండా నల్లజాతి గాయకుల బొమ్మలు. పైన బస్సు వెళ్ళినప్పుడల్లా కాంక్రీటు దిమ్మె సన్నగా అదురుతుంది, కింద సౌండు బాక్సులకి బదులు చెప్పినట్టు. జనం గుంపుగా ఆడరు. వరసలు కట్టి నిలబడతారు, పాట మొదలుకాగానే ఎవరూ చెప్పకుండానే అందరూ ఒకే స్టెప్పు అందుకుంటారు. కుడికి రెండు అడుగులు, ఎడమ కాలి మునివేలితో నేల తాకి, నడుము తేలిగ్గా వదిలి, పావు వంతు తిరగడం. ఇప్పుడు అందరి మొహాలూ పక్క గోడ వైపు. మళ్ళీ మొదటినుంచి. ఇందాక వెనకున్నవాళ్ళు పక్కకి వచ్చారు, చివర దాక్కున్నవాళ్ళు ముందు వరసలో ఉన్నారు. మాలాంటి కొత్తవాళ్ళకి దాక్కునే చోటుండదు. నేను జంకుతుంటే వదిన, "నీకు సిగ్గెందుకే, ఇక్కడ మనల్ని ఎరిగినవాళ్ళెవరున్నారు, పద" అని చెయ్యి పట్టి లాగింది. మా ముందున్న యాభై ఏళ్ళావిడ, ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, బంగారు రంగు చెవిపోగులు, వెనక్కి తిరిగి మా పాదాలు చూసింది. నవ్వలేదు, వేగం తగ్గించి ఆ తిరుగుడు రెండుసార్లు చేసి చూపించింది, మళ్ళీ తన పాటలో పడిపోయింది. ఆ రాత్రి ఎవరూ మాకు అంతకన్నా మర్యాద చేయలేదు.

పాటలు దాదాపు అన్నీ ఇంగ్లీషువే, ఆడేవాళ్ళలో చాలామందికి ఇంగ్లీషు రాదు. స్టెప్పులు మాత్రం ఈ పేటల్లోనే పుట్టాయి, ఒక్కో పాటకి ఒక్కోటి. తల్లి ఒక వరసలో, కూతురు ఆ వెనక వరసలో ఆడటం చూశాం. బట్టల విషయంలో రాజీ లేదు. టోపీలు, మెరిసే బూట్లు, గంటల తరబడి కూర్చుని అల్లించుకున్న జడలు. బీచి చెప్పులతో వెళ్తే ఎవరూ ఆపరు గాని, మీకే బాగోదు.

అక్కడ చాలామంది నాతో నేరుగా పోర్చుగీసులోనే మాట్లాడారు, స్థానికురాలినే అనుకున్నారు. బ్రెజిల్ జనాభా లెక్కల్లో ఎవరి రంగు వాళ్ళే చెప్పుకోవాలి. 2022లో 45.3 శాతం మంది పార్దో, అంటే మిశ్రమ వర్ణం అన్నారు, 43.5 శాతం తెలుపు, 10.2 శాతం నలుపు. నల్లజాతి ఉద్యమం పార్దోలనూ, నల్లవాళ్ళనూ కలిపి నీగ్రో, అంటే నల్లజాతి అని లెక్కిస్తుంది. కాగితం మీద పార్దో అని రాసుకునే పిల్లలు ఆ ఫ్లైఓవర్ కింద మాత్రం నలుపునే ముస్తాబు చేసుకుని వస్తారు. పెళ్ళిచూపుల్లో నన్ను చామనఛాయ అని సర్దిచెప్పిన పెద్దవాళ్ళు పక్కనుంటే ఆ రాత్రి బాగా తికమకపడేవాళ్ళు.

తిరుగు ప్రయాణానికి రైలు మీద, మెట్రో మీద ఆశ పెట్టుకోవద్దు. ఆ వేళకి రెండూ ఉండవు. ఫోన్లో యాప్ కారు పిలుచుకోండి, గేటు లోపలే నిలబడి బుక్ చేసి, నంబరు చూసుకుని ఎక్కండి. ముగ్గురు పంచుకుంటే కతేచి దాకా పెద్ద భారం కాదు. మదురేరాలోనే బస చేద్దామనుకుంటే మాకు నచ్చిన గది దొరకలేదు, దాని కోసం పట్టుబట్టకండి.

మనవాళ్ళకి వీసా ముందే తీసుకోవాలి. పచ్చ జ్వరం (ఎల్లో ఫీవర్) టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోండి. బ్రెజిల్ అడగకపోయినా, తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు అడుగుతారు, లేకపోతే క్వారంటైన్లో పెట్టగలరు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ఏ రోజుల్లో వేస్తారో కనుక్కుని వెళ్ళండి. కార్డు పాస్‌పోర్టుతో పాటే ఉంచుకోండి, పెట్టెలో వేయకండి.