తెరుచుకోని సర్వర్ ఫోల్డర్‌కు టేక్‌ఓన్, ఐక్యాక్ల్స్: ఒక సమీక్ష

విండోస్ సర్వర్‌లో ఒక ఫోల్డర్ అడ్మినిస్ట్రేటర్‌కే తెరుచుకోనప్పుడు, బయటి సాఫ్ట్‌వేర్ కోసం వెతికే ముందు సిస్టమ్‌తో పాటే వచ్చే టేక్‌ఓన్ (takeown, యాజమాన్యాన్ని స్వీకరించేది), ఐక్యాక్ల్స్ (icacls, అనుమతులను మార్చేది) అనే రెండు కమాండ్లను పరిశీలించడం మేలు. ఎవరు ఏం చేయవచ్చో తెలిపే అనుమతుల జాబితాలో తమ పేరు లేకపోయినా ఫోల్డర్ యాజమాన్యాన్ని స్వీకరించే హక్కు అడ్మినిస్ట్రేటర్లకు సాధారణంగా ఉంటుంది. యజమాని అయినవారికి ఆ అనుమతులను మార్చే అధికారం దానంతటదే వస్తుంది. ఈ పరికరాల బలమంతా ఆ సూత్రంలోనే ఉంది.

టేక్‌ఓన్ సూటిగా పనిచేస్తుంది. 'ఎ' స్విచ్ (కమాండ్‌కు జోడించే ఐచ్ఛికం, /A) ఇస్తే యాజమాన్యం ఒక వ్యక్తికి కాక అడ్మినిస్ట్రేటర్ల గ్రూపుకు చెందుతుంది. పలువురు నిర్వహించే సర్వర్‌కు ఇదే సరైన పద్ధతి. 'ఆర్' స్విచ్‌తో ఉప ఫోల్డర్లన్నింటిలోకీ వెళ్లేటప్పుడు మాత్రం ఎంతో జాగ్రత్త అవసరం. లోపలి జాబితాను చదివే అనుమతి లేని చోట, పాత అనుమతుల స్థానంలో మీకు పూర్తి అధికారం ఇవ్వమంటారా అని అది అడుగుతుంది. అవునంటే, అక్కడ ఎవరెవరికి ఏ హక్కులుండేవో తెలిపే ఆధారమే పోతుంది. నా దృష్టిలో ఇది దీని పెద్ద లోపం.

ఐక్యాక్ల్స్ ఇంతకంటే పరిణతి గలది. ఉన్న అనుమతులను చెరపకుండా 'గ్రాంట్'తో కొత్తవి చేర్చవచ్చు. 'సేవ్', 'రిస్టోర్' ద్వారా జాబితాను ఒక ఫైలులో భద్రపరచి తిరిగి వర్తింపజేయవచ్చు, అయితే యజమాని వివరం అందులో ఉండదు. దాని సింటాక్స్ (కమాండ్ రాసే పద్ధతి) కొత్తవారికి కఠినమే. కేవలం ఫైళ్లను బయటకు తీయడమే అవసరమైతే, అనుమతులను ముట్టుకోకుండా బ్యాకప్ మోడ్‌లో (బ్యాకప్ హక్కుతో అనుమతుల తనిఖీని దాటి) నకలు తీయగల విండోస్ కమాండ్ రోబోకాపీనే నేను ముందుగా సిఫారసు చేస్తాను.