రమణ పాసయ్యాడు, సింహాచలం ఫెయిలయ్యాడు: పైథాన్ రెగెక్స్‌తో ఆరేళ్లు

ఆరేళ్లుగా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రెగెక్స్ రాస్తున్నాను. కొట్టిన రాత ఫలానా ఆకారంలో ఉందా లేదా అని కంప్యూటర్ చేత చూయించే ప్యాటర్నే రెగెక్స్. మొదటి నాలుగేళ్లు దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించాను. ఆఫీసులో ఎవరు ఏ సమస్య చెప్పినా "ఒక ప్యాటర్న్ రాసి పడేద్దాం" అనేవాణ్ని. ఇప్పుడూ రోజూ వాడుతున్నాను గానీ, దాని మీద నాకో కోపం ఉంది. అది చెప్పడానికే ఇదంతా.

మాది విశాఖ పోర్టు దగ్గర కాగితాల పని చేసిపెట్టే చిన్న ఆఫీసు. రోజంతా వాట్సాప్‌లో, మెయిల్లో, ఎక్సెల్ షీట్లలో కంటెయినర్ నంబర్లు వచ్చి పడుతుంటాయి. నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, వాటి వెనక ఏడు అంకెలు. ఆ నాలుగో అక్షరం యు, జె, జెడ్‌లలో ఏదో ఒకటే అయ్యుండాలి. సున్నా ఉండాల్సిన చోట ఓ కొట్టేవాళ్లు, మధ్యలో స్పేస్ పెట్టేవాళ్లు, ఒక అంకె మింగేసేవాళ్లు. నేను చేరే నాటికి ఒక పెద్దాయన స్కేలు పెట్టుకుని వరుస వెంట వరుస చూసేవారు. నేను ఒక్క లైను ప్యాటర్న్ రాసి ఆయన చేతిలో స్కేలు తీయించాను. ఆయన కాఫీ తాగించారు. రెగెక్స్ మీద నా ప్రేమకి మొదలు అదే.

మొదట్లో మ్యాచ్ అనే ఫంక్షన్ వాడి, నంబరు చివర అదనంగా ఇంకో అంకె తగిలించినా పాసైపోతుంటే తెల్లబోయిన మాట నిజం. అది మొదలు మాత్రమే చూస్తుంది, తోక పట్టించుకోదు. మొదలు నుంచి చివరిదాకా చూసే ఫుల్‌మ్యాచ్‌కి మారాక ఆ గొడవ పోయింది. పైథాన్ 3.4 నుంచి అది ఉంది, చెక్ చేయడానికి దాన్నే వాడండి.

ఇక అసలు కథ. రెండేళ్ల కిందట, ఆషాఢ పౌర్ణమి ముందు. సింహాచలం గిరిప్రదక్షిణ అంటే 32 కిలోమీటర్ల నడక. తొలిపావంచ దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన జనం హనుమంతవాక, అప్పుఘర్ మీదుగా రాత్రంతా నడుస్తూనే ఉంటారు. మా వీధివాళ్లం అప్పుఘర్ దగ్గర మజ్జిగ, పులిహోర పంచుతాం. ఆ ఏడు సేవకి వచ్చేవాళ్లకి మెడలో వేసుకునే కార్డులు అచ్చు వేయిద్దామనుకున్నారు, అదీ తెలుగులో. "కంప్యూటర్ పని చేస్తావు కదా" అని ఫారం పని నా మీద పడింది.

పేరు గడికి బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ పెట్టాను. పదంలో వచ్చే అక్షరం, అంకె, అండర్‌స్కోర్, వీటిలో ఏదైనా సరే అని దాని అర్థం. అన్ని భాషల అక్షరాలకీ ఒక్కో నంబరు ఇచ్చే పద్ధతి యూనికోడ్. పైథాన్ 3లో అది యూనికోడ్ అంతటికీ పనిచేస్తుందని చదివాను కాబట్టి ధీమాగా ఉన్నాను. పక్కింటి రమణ పేరు కొట్టి చూశాను, పాస్. అమ్మ పేరు ఉమ, పాస్. లింకు గ్రూపులో పెట్టేసి పడుకున్నాను.

పొద్దున్నే ఫోను. గోపాలపట్నం నుంచి సింహాచలం గారు. మజ్జిగ గంగాళం దగ్గర ఏటా ముందు నిలబడే మనిషి.

"ఏటి బాబూ, నా పేరు కొడితే 'సరైన పేరు రాయండి' అంటాది. అరవై ఏళ్ల నుంచీ ఇదే పేరు. ఇప్పుడు తప్పెలా అయిపోనాది?"

"నెట్‌వర్క్ సరిగ్గా లేదేమో, మళ్లీ కొట్టండి బాబాయ్" అన్నాను. సిగ్గు లేకుండా.

కూర్చుని లిస్టు తెరిచాను. అరవై మంది రావాల్సిన చోట ఏడుగురే ఉన్నారు: రమణ, లత, వనజ, ఉమ, కమల, జలజ, ఇంకో రమణ. ఈ ఏడుగురి ఫోన్లలో ఏమైనా విశేషం ఉందా అని అరగంట ఆలోచించాను. ఫోన్లలో కాదు, పేర్లలో ఉంది. మరోసారి చదవండి ఆ పేర్లు. ఒక్క కొమ్ము లేదు, ఒక్క దీర్ఘం లేదు, ఒత్తు లేదు, సున్నా లేదు. అన్నీ తలకట్టు అక్షరాలూ, అచ్చులూ.

అప్పలరాజు అన్న పేరు మనకి ఐదక్షరాలు. కంప్యూటర్ లోపల తొమ్మిది గుర్తులు: అ, ప, పొల్లు, మళ్లీ ప, ల, ర, దీర్ఘం, జ, కొమ్ము. ఇందులో ఆరింటిని ఆ డబ్ల్యూ అక్షరాలుగా ఒప్పుకుంటుంది. పొల్లుని, దీర్ఘాన్ని, కొమ్ముని ఒప్పుకోదు. సున్నాని కూడా ఒప్పుకోదు, అంటే సింహాచలం గారి పేరు రెండో గుర్తు దగ్గరే, ఆ గుడి దగ్గరే ఆగిపోయింది. గుణింతం లేకుండా తెలుగు రాసుకోమన్నట్టు!

డాక్యుమెంటేషన్‌లో ఇది దాచిపెట్టలేదు, అది ఒప్పుకోవాలి. ఈజ్ఆల్‌నమ్ అనే ఫంక్షన్ దేన్ని అవునంటుందో దాన్నే, దానికి తోడు అండర్‌స్కోర్‌నూ తీసుకుంటుందని రాసే ఉంది. గుణింతపు గుర్తుల్ని ఆ ఫంక్షన్ అవుననదని మనం తెలుసుకోవాలి, అంతే. యూనికోడ్ వాళ్ల నియమాల ప్రకారం ఇది తప్పని 2011లోనే పైథాన్ బగ్ ట్రాకర్‌లో ఒకరు ఫిర్యాదు పెట్టారు. నా మెషీన్లో ఉన్న పైథాన్ ఇప్పటికీ అలాగే ఉంది. పెర్ల్ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో ఈ బాధ లేదు.

ఆ పూట తెలుగుకి యూనికోడ్‌లో ఇచ్చిన బ్లాకు మొత్తం, 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు రేంజ్‌గా పెట్టి, మధ్యలో స్పేస్‌ని, చుక్కని అనుమతించాను. సింహాచలం గారు పాసయ్యారు. సాయంత్రానికి రాజ్‌కుమార్ ఫెయిలయ్యాడు. జ కింద క ఒత్తు పడకుండా విడిగా రావడానికి ఫోన్ కీబోర్డు అక్కడ కంటికి కనిపించని ఒక గుర్తు పెడుతుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని. దాని నంబరు 200సి, అంటే తెలుగు బ్లాకు బయట. దాన్నీ చేర్చాను. అప్పటికి యాభై మూడు మంది అయ్యారు. మిగతావాళ్లు విసిగిపోయి రమణకి ఫోన్ చేసి నోటితో చెప్పేశారు.

ఒక్క చోట మాత్రం సంతోషపెట్టింది. సీతమ్మధారలో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు మొబైల్ నంబరు తెలుగు అంకెల్లో కొట్టారు. అంకెల గుర్తు, అదే బ్యాక్‌స్లాష్ డి, కిక్కురుమనకుండా తీసుకుంది! ఇంట్ ఫంక్షన్‌కి ఇస్తే మామూలు సంఖ్యగా మార్చి ఇచ్చింది కూడా. అక్షరాల దగ్గర చెయ్యిచ్చింది, అంకెల దగ్గర ఆదుకుంది అనుకున్నాను. మర్నాడు మెసేజీలు పంపే సర్వీసు ఆ నంబరుని తిప్పికొట్టింది, నేను మార్చకుండానే పంపానని. ఇప్పుడు ఫోన్ గడికి సున్నా నుంచి తొమ్మిది అని విడిగా రాస్తున్నాను. మాస్టారికి చెప్పలేదు.

ఇది జరిగాక కంటెయినర్ల స్క్రిప్ట్ వైపు కూడా కొంచెం అనుమానంగా చూశాను. రెండు అంకెలు అటూ ఇటూ అయితే ఆకారం మారదు కాబట్టి ప్యాటర్న్ పాస్ అంటుంది. అలాంటిది ఒకటి పేపర్లలోకి వెళ్లి సగం రోజు తినేసింది. ఆ ఏడో అంకె చెక్ డిజిట్, ముందున్న పదింటినీ లెక్కగట్టి తేల్చేది. ఆ లెక్క కోసం విడిగా పది లైన్ల కోడ్ రాసుకున్నాను. స్కేలు పెద్దాయనకి ఆ పొరపాటు కంటికే దొరికేదేమో, అప్పుడప్పుడు అనిపిస్తుంది.

వాడమంటానా? మీ పని ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కోడ్‌లతో అయితే నేనిప్పటిదాకా చెప్పిన, పైథాన్‌తోనే వచ్చే రీ (re) మాడ్యూల్ చాలు, నేనూ మానలేదు. తెలుగు పేర్లు తీసుకునే పనైతే రీజెక్స్ (regex) అనే పేరుతోనే ఉన్న వేరే మాడ్యూల్‌ని, పైథాన్‌కి అదనపు మాడ్యూళ్లు తెచ్చిపెట్టే పిప్‌తో దించుకోండి. అందులో అదే డబ్ల్యూ గుణింతాన్ని పదంలో భాగంగానే చూస్తుంది, తెలుగు లిపి అని పేరు పెట్టి అడిగే వీలు కూడా ఉంది. నాది ఏడాదికి ఒక్క ఫారం కాబట్టి నేను అంత దూరం వెళ్లలేదు. పేరు గడికి ప్యాటర్న్ తీసేసి, ఖాళీగా ఉందా, మరీ పొడుగ్గా ఉందా అని మాత్రం చూస్తున్నాను. ఆ పొడుగు కూడా గుర్తుల లెక్కే సుమా, లక్ష్మి అన్న రెండక్షరాలకి ఏడు పడుతుంది. వేల మంది నింపే ఫారం అయితే నా పద్ధతి పనికిరాకపోవచ్చు. కిందటేడు ఒక కుర్రాడు పేరు గడిలో 'నేనే' అని కొట్టాడు. కార్డు అలాగే అచ్చయింది, మెడలో వేసుకుని రాత్రంతా మజ్జిగ పంచాడు.