నెట్‌లోగో: చిన్న నియమాల నుంచి పెద్ద మార్పులను నడిపి చూపే సాఫ్ట్‌వేర్

సంపద కొద్దిమంది చేతుల్లోకి ఎలా చేరుతుంది, ఒక నగరంలో ఒకే వర్గం వారు ఒకే పేటలో ఎందుకు గుమిగూడతారు వంటి ప్రశ్నలకు అర్థశాస్త్ర పాఠాలు ఎక్కువగా సగటులతో, సమీకరణాలతో జవాబు చెబుతాయి. నెట్‌లోగో కింది నుంచి మొదలుపెడుతుంది. ఒక్కొక్క మనిషి ఏ నియమం ప్రకారం నడుచుకుంటాడో రాసి, అలాంటి వారిని వందల సంఖ్యలో తెర మీద వదిలితే, కాలం గడిచేకొద్దీ ఆ గుంపు ఏ రూపం తీసుకుంటుందో కళ్లెదుట కనిపిస్తుంది. సామాజిక శాస్త్రాలు చదివే విద్యార్థి చేతికి ఇవ్వదగ్గ సాధనాల్లో దీనికి నేను మొదటి స్థానం ఇస్తాను. అయితే ఇందులోని బొమ్మ చూసేవారిని నియమాల కంటే ముందే ఒప్పించేస్తుంది కాబట్టి, దీన్ని జాగ్రత్తగా వాడాలి.

ఉరీ విలెన్‌స్కీ 1999లో దీన్ని రూపొందించారు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఆయన నడిపే కేంద్రం దీన్ని అభివృద్ధి చేస్తూ వస్తోంది. పూర్తిగా ఉచితం, మూల కోడ్ అందరికీ అందుబాటులో ఉంది, విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి 1967లో పుట్టిన లోగో భాష దీనికి మూలం. ఆ భాషలో ఆదేశాల ప్రకారం తెర మీద గీతలు గీసే ‘తాబేలు’ అనే బొమ్మ ఇక్కడ వేల సంఖ్యలో ఉంటుంది. ఆ తాబేలు మనిషి కావచ్చు, కుటుంబం కావచ్చు, దుకాణం కావచ్చు. అవి తిరిగే నేల గళ్లుగా విడిపోయి ఉంటుంది, ప్రతి గడికీ తనదైన స్థితి ఉంటుంది.

దీని అసలు బలం వెంట వచ్చే మోడళ్ల, అంటే నియమాలు ముందే రాసి ఉంచిన నమూనాల, గ్రంథాలయం. అందులో ముందుగా తెరవవలసింది ‘సెగ్రెగేషన్’ (వర్గాలు విడివిడిగా చేరడం). థామస్ షెల్లింగ్ 1971లో ప్రచురించిన ఆలోచనను ఇది కదిలే బొమ్మగా మార్చింది. షెల్లింగ్‌కు 2005లో అర్థశాస్త్ర నోబెల్ లభించింది. రెండు రంగుల మనుషులు కలగలిసి నివసిస్తుంటారు. తన చుట్టూ ఉన్నవారిలో కనీసం 30% మంది తన రంగువారైతే చాలు, ఎవరైనా సంతృప్తిగా ఉంటారు. లేకపోతే మరో ఖాళీ చోటికి వెళ్లిపోతారు. మూడింట రెండు వంతుల మంది వేరే రంగువారైనా అభ్యంతరం లేని మనుషులన్నమాట. అయినా మోడల్ ఆగేసరికి ఒక్కొక్కరి చుట్టూ సొంత రంగువారు సగటున 70% దాకా ఉంటారు, తెర నిండా రంగుల పేటలు ఏర్పడతాయి. ఆ 30% కోరికను మరీ పైకి జరిపితే ఎవరూ ఎక్కడా స్థిరపడక తిరుగుతూనే ఉంటారు. ఎవరూ కోరని ఫలితం అందరి చిన్న చిన్న కోరికల నుంచి పుట్టగలదని నిరూపించడానికి ఇంతకంటే సూటి పద్ధతిని నేను చూడలేదు.

ఈ మోడల్‌లో వెళ్లదలచినవారి ఇష్టం ఒక్కటే ఉంది. వచ్చినవారిని కాదనేవారు ఎవరూ లేరు. హైదరాబాదులో అద్దె ఇంటి కోసం తిరుగుతూ కులమేమిటి, మాంసం తింటారా అన్న ప్రశ్నలు ఎదుర్కొన్నవారికి ఆ లోటు వెంటనే తెలుస్తుంది. అమెరికా నగరాల్లోనూ నల్లజాతి వారిని కొన్ని పేటలకు పరిమితం చేయడంలో చట్టాలకు, బ్యాంకు రుణాల విధానానికి పెద్ద పాత్ర ఉంది. కాబట్టి ఈ మోడల్ ఒక సాధ్యతను చూపుతుందే తప్ప ఫలానా నగరం ఇలాగే విడిపోయిందని రుజువు చేయదు. తరగతిలో దీన్ని చూపేవారు ఈ మాట తప్పకుండా చెప్పాలి.

‘వెల్త్ డిస్ట్రిబ్యూషన్’ (సంపద పంపిణీ) మోడల్ విషయంలో నా అభ్యంతరం ఇంకొంచెం గట్టిది. మనుషులు గళ్లలో పెరిగే ధాన్యాన్ని ఏరుకుంటూ, తింటూ, మిగుల్చుకుంటూ తిరుగుతారు. పక్కనే సంపదలోని అసమానతను కొలిచే గినీ సూచిక, దాన్ని గీతగా చూపే లోరెంజ్ వక్రరేఖ గీసుకుంటూ పోతాయి. కొద్దిసేపటికే తెర పేదలను సూచించే ఎరుపుతో నిండుతుంది, ధనికులను సూచించే నీలం అక్కడక్కడే మిగులుతుంది. చూసేవారికి లోకం తీరే ఇంత అనిపిస్తుంది. కానీ ఇందులో పేదవాడంటే అందరికంటే ధనవంతుడి సంపదలో మూడో వంతు కూడా లేనివాడు. ఒక్కడు బాగా ఎదిగితే, మిగతావారికి ఒక్క గింజ తగ్గకపోయినా, ఎందరో ఎరుపులోకి జారిపోతారు. అంతకంటే ముఖ్యంగా ఇక్కడ వారసత్వం లేదు. మనిషి చనిపోతే అతని సంతానం యాదృచ్ఛికంగా వచ్చిన ధాన్యంతో బతుకు మొదలుపెడుతుంది. భూమి, ఇల్లు, అప్పు తరం నుంచి తరానికి దిగే సమాజాలను అర్థం చేసుకోవాలనుకునేవారికి ఇది చిన్న లోపం కాదు. పిండి కొద్దీ రొట్టె అన్న సామెత ఇలాంటి చోటే గుర్తుకురావాలి.

సంతోషించవలసిన సంగతి ఏమిటంటే, ఈ లోపాలను ఎవరూ దాచలేదు. ప్రతి మోడల్‌కూ ఉండే సమాచార ట్యాబ్‌లో అది ఏ నియమాల మీద నిలబడిందో, పాఠకులు ఏమేం మార్చి చూడవచ్చో విపులంగా రాసి ఉంటుంది. వారసత్వం లేదన్న సంగతి కూడా అక్కడే ఉంది. దాని పక్క ట్యాబ్‌లో కోడ్ మొత్తం కనిపిస్తుంది. కొంచెం ఓపిక పట్టి ఆ కోడ్ చదవగలిగినవారికి మోడల్ రచయితతో వాదించే హక్కు దక్కుతుంది. ధర పెట్టి కొనే సాధనాల్లోనూ ఈ నిజాయితీ ఇంత సులభంగా దొరకదు.

కాలం గురించి ఒక హెచ్చరిక. నెట్‌లోగోలో గడియారం టిక్కులతో నడుస్తుంది. ఒక టిక్కు అంటే రోజా, ఏడాదా, తరమా అన్నది మోడల్ రాసేవారు నిర్ణయించాలి. గ్రంథాలయంలోని చాలా మోడళ్లు అది తేల్చవు. అందువల్ల గ్రాఫు అడ్డగీత మీది 200 అనే అంకెను సంవత్సరాలుగా చదవడం ప్రమాదం. సమీకరణాలతో మార్పును లెక్కగట్టే పాత పద్ధతి కోసం కూడా ఇందులో విడిగా ఒక భాగం ఉంది. తోడేళ్లు, గొర్రెల మోడల్‌ను రెండు పద్ధతుల్లోనూ ఇచ్చారు, రెంటినీ పక్కపక్కనే నడిపే మరో మోడల్ కూడా ఉంది. సమీకరణంలో గొర్రెల సంఖ్య ఒకటి కంటే తక్కువ భిన్నానికి పడిపోయినా మళ్లీ పుంజుకోగలదు. విడివిడి గొర్రెలున్న మోడల్‌లో చివరి గొర్రె చస్తే ఆ కథ అంతటితో ముగుస్తుంది. చిన్న సమూహాల భవిష్యత్తును సగటులతో అంచనా వేయడంలోని చిక్కును ఈ పోలిక స్పష్టంగా చూపుతుంది.

ఒక్కసారి నడిపి చూసిన ఫలితాన్ని నమ్మకూడదు, ఎందుకంటే ప్రతిసారీ యాదృచ్ఛికత వేరుగా పడుతుంది. ఒకే మోడల్‌ను స్లైడర్లు (విలువలను పెంచి తగ్గించే మీటలు) మారుస్తూ అనేకసార్లు తనంతట తానే నడిపి ఫలితాలను పట్టికగా ఇచ్చే ‘బిహేవియర్‌స్పేస్’ ఇందుకోసమే ఉంది. పరిశోధన చేసేవారు దీన్ని విడిచిపెట్టకూడదు.

లోపాలు మరికొన్ని ఉన్నాయి. లక్షల మనుషులతో మోడల్ కట్టాలంటే వేగం చాలదు. ఆదేశాలన్నీ ఇంగ్లీషు పదాలే కాబట్టి తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థికి పక్కన ఒక అధ్యాపకుడు ఉండటం అవసరం. బ్రౌజర్‌లో నడిచే నెట్‌లోగో వెబ్ మోడళ్లను చూడటానికి బాగుంటుంది గానీ, ఫోను తెర మీద కోడ్ రాయడం కష్టం.

కొత్తగా మొదలుపెట్టేవారు సొంత మోడల్‌కు తొందరపడకుండా, సంపద మోడల్‌లో వయసు నిండి చనిపోయినవారి ధాన్యం సంతానానికే చెందేలా కోడ్‌లో ఆ ఒక్క భాగాన్ని సవరించి, బిహేవియర్‌స్పేస్‌తో అనేకసార్లు నడిపి, గినీ గీతను మార్చని మోడల్ గీతతో పోల్చాలని నా సలహా. ఆ పనికి కావలసింది కొద్ది వరుసల కోడ్, ఒక మామూలు కంప్యూటరు మాత్రమే.