ఆల్ సీజన్ టైర్లా, వింటర్ టైర్లా?

కెనడాలోని మాంట్రియల్‌లో ఉండేవాళ్లకు ఈ ప్రశ్నే లేదు. ఆ ఊరున్న క్యూబెక్ రాష్ట్ర చట్టం ప్రకారం డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు ఉండాల్సిందే. టొరంటోలో మాత్రం మనిష్టం.

ఆల్ సీజన్ వేస్తే ఏటా రెండుసార్లు మార్చే పని తప్పుతుంది. కానీ 7 డిగ్రీల కంటే తగ్గితే ఆ రబ్బరు గట్టిపడి పట్టు జారుతుంది. టైరు పక్కన ‘ఎం ప్లస్ ఎస్’ (మడ్ ప్లస్ స్నో, అంటే బురద, మంచు) అని ఉంటే చాలనుకోకండి, అది టైరు మీది గాడుల తీరును చూసి వేసే గుర్తే. మూడు శిఖరాల కొండ, లోపల మంచు రేకు బొమ్మ ఉంటేనే మంచు మీద పరీక్ష పాసైనట్టు.

వింటర్ టైరు చలిలోనూ మెత్తగా ఉంటుంది, ఎండాకాలంలో తొందరగా అరుగుతుంది. దానిమీద 91టి అని ఉంటే (91 బరువుకు, టి వేగానికి గుర్తు) ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది, గంటకు 190 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది.

నా ఓటు వింటర్‌కే, అదీ నాలుగు చక్రాలకూ. డబ్బు ఆదా అని ముందు రెండింటికే వేస్తే, మలుపులో బ్రేక్ కొట్టగానే కారు వెనక భాగం పక్కకు తిరిగిపోతుంది.