ఇండికేటర్లకు ఎల్ఈడీ బల్బులు: 6 ఓంల రెసిస్టర్ సెట్టు కొనొచ్చా?

డబ్బా విప్పితే నారింజ రంగు ఎల్ఈడీ బల్బులు రెండు, బంగారు రంగు అల్యూమినియం తొడుగుతో రెసిస్టర్లు (కరెంటు లాగి వేడిగా వదిలే ముక్కలు) రెండు, వైర్లు కలిపే నీలం ప్లాస్టిక్ క్లిప్పులు నాలుగు కనిపిస్తాయి. నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో ఏ స్పేర్ పార్ట్స్ షాపుకు పోయినా ఇంచుమించు ఇదే సెట్టు చేతిలో పెడతారు. పైన కంపెనీ పేరు మారుతుంది, లోపలి సరుకు పెద్దగా మారదు. బల్బుల వరకు పర్వాలేదు. రెసిస్టర్ జర చూసి పెట్టాలె. ఆ క్లిప్పులైతే అక్కడే చెత్తబుట్టలో వెయ్యొచ్చు.

కొనేముందు పాత బల్బు విప్పి చేత పట్టుకొని పోవాలి. నారింజ గాజు బల్బు పీవై21డబ్ల్యూ అయితే దాని రెండు పిన్నులు ఎదురెదురుగా ఉండవు, కొంచెం పక్కకు జరిగి ఉంటాయి. తెల్ల గాజు పీ21డబ్ల్యూకు మాత్రం సరిగ్గా ఎదురెదురు. రెండూ పక్కపక్కన పెడితే తప్ప తేడా కంటికి ఆనదు. షాపులో తొందరలో ఒకటికి బదులు ఇంకొకటి ఇస్తారు, మనం హోల్డర్‌లో బలవంతంగా తిప్పితే హోల్డరే పగులుతుంది. కొత్త మోడళ్లలో పిన్నులే లేని చదును అడుగు బల్బులూ ఉంటాయి. వాటిలో ఎల్ఈడీ వెలగకపోతే తీసి తిప్పి పెట్టండి, ప్లస్సూ మైనస్సూ తారుమారై ఉంటుంది. ఇంకో సంగతి, లెన్స్ నారింజ రంగుదే కదా అని తెల్ల ఎల్ఈడీ తీసుకోవద్దు. తెల్ల ఎల్ఈడీ వెలుగులో నారింజ రంగు వాటా తక్కువ, లెన్స్ దాటేసరికి వెలిసిపోయిన పసుపులా కనిపిస్తుంది. ఇండికేటర్ నారింజ రంగులోనే ఉండాలని మోటారు వాహనాల నిబంధనలూ చెప్తున్నాయి.

వెలుతురు సంగతి. డబ్బా మీద ల్యూమెన్లు, అంటే వెలుతురు కొలత, వేలల్లో రాసి ఉంటాయి, వాటిని పట్టించుకోకండి. మామూలు పీవై21డబ్ల్యూ ఇచ్చేది 280 ల్యూమెన్లే. ఆ కొంచెమే సరిపోతుంది, ఎందుకంటే వెనకున్న అద్దం లాంటి గిన్నెను బల్బు లోపల వెలిగే సన్నటి తీగ ఉండే చోటును బట్టే మలిచారు. ఎల్ఈడీలో చిప్పులు చుట్టూ, కొస మీదా పరుచుకొని ఉంటాయి. చిప్పులు తీగ ఎత్తుకు రాకపోతే గిన్నె నడుమ ఒక మెరుపు చుక్క, చుట్టూ చీకటి. నేరుగా వెనక నిలబడితే కళ్లు జిగేలుమంటాయి, నాలుగు అడుగులు పక్కకు జరిగితే ఏమీ ఆనదు. సూర్యాపేట నుంచి పొద్దున్నే హైదరాబాద్ దిక్కు 65వ నంబరు హైవే మీద పోయేటప్పుడు ఎండ నేరుగా వెనక లైట్ల మీద పడుతుంది. ఇండికేటర్‌కు అసలు పరీక్ష ఆ ఎండలోనే. గ్యారేజీ నీడలో చూసి బాగుందనుకుంటే లాభం లేదు.

పరీక్ష తేలికే. ఒక పక్క ఎల్ఈడీ, ఇంకో పక్క పాత బల్బు పెట్టి, బండిని ఎండకు వెనక చూపించి నిలిపి, హజార్డ్ (అన్ని ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకునే స్విచ్) వేసి ఇరవై అడుగుల దూరం నుంచి నేరుగా ఒకసారి, రెండు పక్కల నుంచి ఒక్కోసారి చూడండి. అట్లాగే ఇరవై నిమిషాలు వదిలి మళ్లీ చూడండి. నాసిరకం ఎల్ఈడీ వేడెక్కిన కొద్దీ మసకబారుతుంది. మన దగ్గర మే నెల మధ్యాహ్నం మూసి ఉన్న లైటు డబ్బా లోపల వేడి ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు. ఫ్యాన్ ఉన్న లావు ఎల్ఈడీలు కూడా అమ్ముతున్నారు. చాలా బండ్లలో అవి గిన్నె రంధ్రంలో పట్టనే పట్టవు, పట్టినా మిల్లుల దిక్కు తిరిగే బండ్లలో ఊక దుమ్ముకు ఆ చిన్న ఫ్యాన్ ఎక్కువ రోజులు నిలవదు.

ఇక అసలు లొల్లి, టిక్కుటిక్కు వేగం. ఎల్ఈడీ పెట్టగానే ఇండికేటర్ రెట్టింపు వేగంతో కొట్టుకుంటుంది. చాలామంది బల్బు బాగాలేదని వాపసు తెస్తారు. బల్బు తప్పేమీ లేదు. పాత బల్బు 21 వాట్లు లాగేది, ఇది నాలుగైదు వాట్లే. లోడు తగ్గేసరికి ఫ్లాషర్ (ఇండికేటర్‌ను ఆర్పి వెలిగించే చిన్న డబ్బా), కొత్త బండ్లలో అయితే కంప్యూటర్, ఒక బల్బు కాలిపోయిందనుకొని వేగం పెంచి డ్రైవరుకు చెప్తుంది. ఫ్లాషర్ విడిగా ఉండే పాత బండ్లకు ఎల్ఈడీకి పనికొచ్చే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ మారిస్తే చాలు, రెసిస్టర్ జోలికి పోవద్దు. పిన్నుల వరస మాత్రం పాతదానితో సరిచూడాలి. ఫ్లాషర్ పని కంప్యూటరే చేసే బండ్లలోనే, తగ్గిన లోడు నింపడానికి రెసిస్టర్ కావాలి.

ఇక్కడే ఒక లెక్క ఉంది. ఇంజన్ నడుస్తుంటే కరెంటు 13.8 వోల్టుల దగ్గర ఉంటుంది. 6 ఓంల రెసిస్టర్ అప్పుడు 2.3 ఆంపియర్లు లాగి దాదాపు 32 వాట్లు వేడిగా వదులుతుంది. ఎల్ఈడీ లాగేది దీనికి అదనం. అంటే కరెంటు పొదుపు అనే మాట ఉత్తదే, పాత బల్బే తక్కువ తాగేది. 8 ఓంలయితే 1.7 ఆంపియర్లే, పాత బల్బుకు దగ్గర. కొన్ని బండ్లు 10 ఓంలకు కూడా ఊరుకుంటాయి. అందుకని ముందు 10, తర్వాత 8, అప్పటికీ వేగం తగ్గకపోతేనే 6 పెట్టాలి. రెసిస్టర్ 50 వాట్ల వరకు తట్టుకునేదే ఉండాలి.

బిగించేటప్పుడు స్విచ్ ఆపి, డిక్కీ తెరిచి, వెనక లైటు బోల్టులు విప్పి, లైటును అడ్డంగా వంచకుండా తిన్నగా వెనక్కి లాగండి. రెసిస్టర్‌కు ప్లస్సూ మైనస్సూ లేవు. ఒక వైరు ఇండికేటర్ వైరుకు, ఇంకోటి ఎర్త్‌కు. ఏది ఇండికేటర్ వైరో టెస్ట్ ల్యాంప్ పెట్టి చూసుకోవాలి. పొరపాటున పార్కింగ్ లైటు వైరుకు కలిపితే రాత్రంతా ఆగకుండా కాలుతుంది, వైరింగ్ తొడుగు కరిగిన బండ్లలో కొన్నిటికి కారణం ఇదే. రెసిస్టర్‌ను స్క్రూలతో ఇనుప బాడీకే బిగించాలి. బంపర్ ప్లాస్టిక్ మీద, వైర్ల కట్ట మీద, డబుల్ టేపుతో అతికించడం అస్సలు వద్దు. హజార్డ్ పది నిమిషాలు వేస్తే దాని మీద చెయ్యి పెట్టలేరు. రంధ్రం వేస్తే అంచులకు ప్రైమర్ పూయండి, లేకపోతే మొదటి వానాకాలానికే తుప్పు. నీలం క్లిప్పులు వైరు పోగులను కోస్తాయి, తేమ పట్టి ఆరు నెలలకు కాంటాక్ట్ పోతుంది. సోల్డర్ చేసి స్లీవ్ ఎక్కించండి. నడుమ రెండు పిన్నుల సాకెట్ ఒకటి పెట్టండి, ఎందుకో చివర చెప్తాను.

అయిపోయాక 15 సెకన్లలో ఇండికేటర్ ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. నిమిషానికి 60 నుంచి 120 మధ్య ఉండాలి, నిబంధనా అదే.

రెసిస్టర్ లోపలే ఉంటుందని చెప్పి అమ్మే ‘కాన్‌బస్’ బల్బుల్లో ఆ వేడంతా హోల్డర్ ప్లాస్టిక్‌కే తగులుతుంది. వైరు కోసే పని లేదని ఆశపడి కొనేవాళ్లు ఎక్కువ, కానీ ఇండికేటర్‌కు అది సరైన చోటు కాదు.

కొనాలా అంటే, వెనక ఇండికేటర్లకు, అదీ ఎండ పరీక్షలో నెగ్గిన బల్బుకే సరే. ముందు ఇండికేటర్లు హెడ్‌లైట్ వేడి పక్కనే ఉంటాయి, వాటికి పాత బల్బే మేలు. ఎల్ఈడీ టక్కున వెలగడం వల్ల అసలు లాభం బ్రేక్ లైటుకు. పాత తీగ పూర్తిగా వెలిగేలోపు పోయే సెకనులో ఐదో వంతు సమయం గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఐదు మీటర్లు. ఇండికేటర్‌కు ఆ తేడాతో పని లేదు. పైగా రెసిస్టర్ పెట్టాక ఎల్ఈడీ చచ్చిపోయినా బండి చెప్పదు, టిక్కు మామూలుగానే వినిపిస్తుంది. నార్కట్‌పల్లి దాటాక కుడికి తిరుగుతుంటే వెనక లారీకి మన సిగ్నల్ కనిపించదు, మన చెవికి మాత్రం అంతా బాగానే ఉన్నట్టు. కాబట్టి వారానికోసారి రాత్రిపూట గోడకు వెనక చూపించి నిలిపి వెలుగు పడుతుందో లేదో చూడండి.

విప్పిన పాత బల్బులను గుడ్డలో చుట్టి టూల్ కిట్‌లో ఉంచండి. దారిలో ఎల్ఈడీ పోతే పాతదాన్ని పెట్టేముందు ఆ రెండు పిన్నుల సాకెట్ ఊడదీయండి. రెసిస్టర్, పాత బల్బు రెండూ కలిసి ఉండగా హజార్డ్ వేస్తే మొత్తం 13 ఆంపియర్ల దాకా పోతుంది, అక్కడ 10 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే అది కూడా పోతుంది.