శ్రావణం ముందు నా క్లౌడ్ అకౌంట్‌కు తాళం వేశారు: ఆన్‌లైన్‌లో చీరలు అమ్మేవాళ్లు జాగ్రత్త

మంగళగిరి, వెంకటగిరి చీరలు వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో అమ్ముకునే చాలామందిలాగే నేనూ ఫొటోలు, ఆర్డర్ల షీటు, కస్టమర్ల అడ్రస్‌లు అన్నీ క్లౌడ్‌లోనే పెట్టుకున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. డబ్బు కట్టే తీసుకున్న ప్లాన్. సరిగ్గా వరలక్ష్మీ వ్రతం ఆర్డర్లు ఊపందుకున్న వారంలో, పొద్దున్నే ఫోన్ తీస్తే అకౌంట్ ఓపెన్ కాలేదు. నిబంధనల ఉల్లంఘన అని ఒక్క లైను. ఏ నిబంధనో, ఏ ఫైలో లేదు. కేటలాగ్ లింకు ఒకేసారి గ్రూపులన్నిటిలో పెట్టడం వాళ్ల సిస్టమ్‌కు స్పామ్‌లా కనిపించిందేమో అని నేనే ఊహించుకోవాలి.

అదే రోజు మధ్యాహ్నం బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. అదే ప్లాన్‌కు ఆటోపేలో డబ్బు కట్ అయింది. తాళం వేసిన గదికి అద్దె వసూలు చేశారు!

వెంటనే చాట్ సపోర్ట్‌లోకి వెళ్లాను. వచ్చిన జవాబు ఇది: "మీ డేటా సురక్షితంగా ఉంది మేడమ్. కానీ యాక్సెస్ ఇవ్వలేం. ఈ నిర్ణయం ఫైనల్." పోనీ ఆర్డర్ల షీటు ఒక్కటి ఇవ్వండి, జనం డబ్బు కట్టి ఎదురుచూస్తున్నారు అని బతిమాలాను. మళ్లీ అదే వాక్యం, అక్షరం మారలేదు. మరి ఈ రోజు డబ్బు ఎలా తీసుకున్నారు అంటే, బిల్లింగ్ వేరే డిపార్ట్‌మెంట్ అన్నారు. నేను ఇంకా టైప్ చేస్తుండగానే చాట్ క్లోజ్ చేసి, మా సేవ ఎలా ఉందో రేటింగ్ ఇవ్వమని అడిగారు. చేతులు వణికాయి. చాట్‌లో కూర్చున్న ఆ మనిషి చేతిలో ఏమీ లేదని నాకు తెలుసు. అధికారం చేతిలో ఉన్న మనిషి దగ్గరికి వెళ్లే దారే లేదు, నా కోపమంతా దాని మీదే.

చేనేతలో చాలా చీరలు ఒక్కొక్కటే ఉంటాయి. కిటికీ పక్కన మంచం మీద పరిచి, నిజాం బార్డర్ వెలుగులో తేలేలా తీసిన ఫొటోయే మా షాపు. షీటులో ఎవరికి ఫాల్, పికో కావాలి, ఎవరు అడ్వాన్స్ కట్టారు, ఎవరిది ఏ పిన్‌కోడ్ అని రాసి ఉంటుంది. ఇప్పుడు ఒక్కొక్కరినీ మళ్లీ అడుగుతున్నాను. ఒకావిడ "డబ్బు కట్టాను కదండీ, మళ్లీ అడ్రస్ ఎందుకు?" అన్నారు. ఇంకొకరు అందరూ చూసేలా కామెంట్లలో "ఇది ఫ్రాడ్ పేజీయా?" అని రాశారు. ఏళ్ల తరబడి సంపాదించుకున్న నమ్మకం అది.

లాప్‌టాప్‌లో ఫోల్డర్ కనిపిస్తోంది కదా అని ధైర్యంగా ఉండకండి. చాలా యాప్‌లలో అక్కడ కనిపించేది ఫైల్ పేరు మాత్రమే, అసలు ఫైల్ క్లౌడ్‌లోనే ఉంటుంది. నాకు చీరల పేర్లన్నీ కనిపించాయి, నొక్కితే ఒక్క ఫొటో రాలేదు. పూర్తిగా సింక్ (అసలు ఫైళ్లు లాప్‌టాప్‌లోకీ వచ్చేలా) పెట్టుకున్నా, అక్కడ డిలీట్ అయితే ఇక్కడా డిలీట్ అవుతుంది. అది బ్యాకప్ కాదు. 2024 మేలో ఆస్ట్రేలియాలో యూనీసూపర్ అనే పెద్ద పెన్షన్ ఫండ్‌కు గూగుల్ క్లౌడ్‌లో ఉన్న ప్రైవేట్ క్లౌడ్ (వాళ్లకు మాత్రమే కేటాయించిన భాగం) సెట్టింగ్ పొరపాటు వల్ల డిలీట్ అయింది. లక్షలాది సభ్యులు రోజుల తరబడి తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. వేరే కంపెనీ దగ్గర కూడా బ్యాకప్ ఉండటం వాళ్లు కోలుకోవడానికి తోడ్పడింది.

ఫొటోలు ఒక హార్డ్ డిస్క్‌లో వేసుకోండి. ఆర్డర్ల షీటు రోజూ రాత్రి ఎక్సెల్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. రికవరీ మెయిల్ వేరే కంపెనీది పెట్టండి. మెయిల్, ఫైళ్లు ఒకే అకౌంట్‌లో ఉంటే రెండూ ఒకేసారి పోతాయి.

ఇప్పటికే లాక్ అయినవాళ్లు చాట్‌తో ఆగకండి. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఇలాంటి కంపెనీలకు గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 7 రోజుల్లో తేల్చాలి. ఆ జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే వెళ్లొచ్చు. నేను బ్యాంకు మెసేజ్, చాట్ స్క్రీన్‌షాట్లు జతచేసి ఆఫీసర్‌కు రాశాను. జవాబు రాగానే ఇక్కడే పెడతాను.